మూత తెరవని డబ్బా

మా బడి అయ్యవారు పోయారన్న మాట నాకు బస్సు కండక్టరు చెప్పాడు. ఆ రోజు శనివారం. రోడ్డు పక్కన నిలబడి చిత్తూరు బస్సు కోసం చూస్తున్నాను, ఎక్కడానికి కాదు, కాలేజీ హాస్టలు నుంచి మనవరాలు దిగుతుందేమోనని. పిల్ల దిగలేదు. కండక్టరు మెట్టు మీద నుంచి వంగి, "అవ్వా, మీ అయ్యోరు సెంద్రగిరిలో నిన్న సచ్చిపోయినారంట, తెలుసునా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపల విజిలు వేశాడు. బస్సు పోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ మొదట నాకు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. ఆయన దగ్గర నా కాగితం ఒకటి ఉండిపోయింది. ఇక అది ఎవరి చేతిలో పడుతుందో అని.

ఆ కాగితం సంగతి చెప్పాలంటే ఆయన సంగతి మొదటి నుంచి చెప్పాలి. నేను రెండో తరగతి వరకు చదివినదాన్ని. ఇది రాసింది నేను, దిద్దింది మా కోడలు. ఇంకా తప్పులు మిగిలి ఉంటే చదివేవాళ్ళు మన్నించండి. మనవరాలిని అడిగిన తరువాతే రాస్తున్నాను.

మా ఊరు బంగారుపాళ్యం దాటాక మద్రాసు, బెంగుళూరు రోడ్డుకు ఈ పక్క ఉంది. బడి ఆ పక్క. నడుమ లారీలు. నా కొడుకు కూడా లారీ డ్రైవరే. నిద్ర చాలని మనిషి బండి ఎట్లా తోలతాడో ఇంట్లో చూసినదాన్ని కాబట్టి ఆ రోడ్డు మీద పోయే ఒక్క లారీని కూడా నేను నమ్మను. మనవరాలు బడిలో చేరిన రోజు నుంచి చేయి పట్టుకుని రోడ్డు దాటించేదాన్ని. దాటించి ఇంటికి వస్తే, నడుమ పిల్ల ఒక్కతే పరిగెత్తుకొస్తుందేమోనని భయం. అందుకని సాయంత్రం బెల్లు కొట్టేదాకా బడి అరుగు మీదే కూర్చునేదాన్ని. పిల్లలు నన్ను బెల్లు అవ్వ అనేవాళ్ళు.

అయ్యవారు చంద్రగిరి మనిషి, బదిలీ మీద మా బడికి వచ్చారు. ఐదు తరగతులకూ ఆయన ఒక్కరే. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్ళు ఉండేవి, ఒకటి చెక్కింది, ఒకటి చెక్కనిది. చెక్కనిది ఎందుకు సార్ అని ఏ పిల్ల అడిగితే ఆ పిల్లకు దాన్ని ఇచ్చేసేవారు. మరుసటి రోజు జేబులో ఇంకొకటి ఉండేది. నన్ను నాలుగు రోజులు అరుగు మీద చూశారు. ఐదో రోజు వచ్చి, చెక్కని పెన్సిలు నా ముందే చెక్కి, ఒక కాగితంతో పాటు నా ఒడిలో పెట్టారు.

"ఊరక కూసుంటే దిగులే గదవ్వా వస్తాది. ఇది పట్టుకో," అన్నారు.

ఆ కాగితం మా ఇంటి నుంచి పోయిందే. మా కోడలు మామిడి సీజనులో గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు కోసే పనికి పోయేది. డబ్బాలకు అంటించే లేబుళ్ళలో రంగు చెదిరినవి, వంకరగా కోసినవి వాళ్ళు మూలన పారేస్తారు. ఒక పక్క పచ్చటి మామిడిపండు బొమ్మ, ఇంకో పక్క తెల్లగా నున్నగా ఖాళీ. పొయ్యి రాజేయడానికి మా కోడలు తెచ్చేది. అయ్యవారు అది చూసి, పొయ్యిలో పెట్టొద్దు, బడికి ఇమ్మని అడిగి తీసుకున్నారు. అప్పటి నుంచి మా ఊరి పిల్లలు రాయడం నేర్చింది ఆ మామిడిపండు కాగితాల వెనకే.

ఆయన రాయించే తీరు వేరుగా ఉండేది. పుస్తకంలో ఉండేది రాస్తే ముట్టుకునేవారు కాదు. "అది రాసినాయన రాసేసినాడు గదా, నువ్వెందుకు మళ్ళా?" అనేవారు. ఏం రాయాలో తెలియడం లేదని ఎవరైనా మొహం వేలాడేస్తే, పొద్దున లేచినాక ముందుగా ఏం వాసన వచ్చిందో రాయమనేవారు. ఒకడు మేకపెంటిక వాసన అని రాస్తే చప్పట్లు కొట్టించారు. అబద్ధం రాయవచ్చా అని మా పాప, నా మనవరాలే, అడిగింది ఒకసారి. ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "రాయొచ్చు. కానీ ఆ అబద్ధం నీదై ఉండాల. పక్కోళ్ళది ఎత్తుకోకూడదు."

నా మొదటి కాగితం మీద నేను నా భయాలు రాశాను. లారీ చక్రం ఊడి వస్తుందని భయం. పాప నేరేడు గింజ మింగుతుందని భయం. ఫ్యాక్టరీ కూత ఆలస్యమైతే భయం, వేళకే వస్తే రేపు రాదేమోనని భయం. అక్షరాలు కూడబలుక్కుని అంత రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. అయ్యవారు అడిగి తీసుకుని పిల్లలకు చదివి వినిపించారు. పిల్లలు పడీపడీ నవ్వారు. నాకు కోపం రాలేదు. నా భయాన్ని చూసి నలుగురు నవ్వితే దాని బరువు తగ్గుతుందని నాకు అంతవరకు తెలియదు. "నీ భయాలు ఒక కాగితంలో పట్టవవ్వా, దినానికొకటి రాయి," అన్నారాయన. మరుసటి రోజు పిల్లలందరూ వాళ్ళ భయాలు రాసుకొచ్చారు.

అందరి ముందర చదవడానికి ఇష్టం లేనివి వేయడానికి ఒక డబ్బా పెట్టారు. గుజ్జు నింపే పెద్ద రేకు డబ్బా. మూత బిగించే ఉంటుంది. మూత మీద ఉలితో సన్నటి సందు కొట్టించారు. పిల్లలు దాన్ని హుండీ అనేవాళ్ళు. ఆయనే ఆ పేరు పెట్టారు. కొండ మీద హుండీలో చెయ్యి జారి ఉంగరం పడినా తిరిగి అడగరు కదా, అది స్వామిదైపోతుంది, ఇదీ అంతే అన్నారు.

"ఈ మూత నేను తెరవను. ఎవురూ తెరవరు. మీరు పెద్దోళ్ళయినాక వస్తే మీ ముందరే పగలగొట్టి ఎవురిది వాళ్ళకిస్తా."

ఈ మాట ఆయన పిల్లలందరి ముందర చెయ్యి ముందుకు చాచి చెప్పారు. నేను అరుగు మీద ఉన్నాను, నా చెవులతో విన్నాను. ఆ డబ్బా పెట్టిన నెలలోనే పిల్లల చేతులు మారిపోయాయి. పలక ముట్టని పిల్లలు కూడా ఒక మూలకు పోయి, మోకాళ్ళ మీద కాగితం పెట్టుకుని, మోచేయి అడ్డం పెట్టుకుని రాసేవాళ్ళు. మా పాప అందరికంటే ఎక్కువ రాసేది. డబ్బాలో వేసేవి కొన్ని, ఇంటికి తెచ్చి చిన్న మూట కట్టుకునేవి కొన్ని. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు.

ఇక నా కాగితం. ఆ ఏడాది ఫ్యాక్టరీలో కొంతమంది ఆడవాళ్ళను ఏడాది పొడుగునా పనికి తీసుకుంటామని అన్నారు. మా కోడలు పేరు కూడా వస్తుందని అందరూ చెప్పుకున్నారు. అట్లా తీసుకున్నవాళ్ళకు పని కత్తి దగ్గర కాదు, గుజ్జు కాగే చోట. అంతకు ముందు సీజనులో అక్కడ ఒకామెకు ఆవిరి కొట్టి మోచేయి దాకా తోలు ఊడింది. ఆమె చెయ్యి నేను చూశాను. చూసినప్పటి నుంచి అన్నం దగ్గర కూర్చుంటే ఆ చెయ్యే కనబడేది. నేనేం చేశానంటే, ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పోయి, మేస్త్రీని పక్కకు పిలిచి, మా కోడలికి మూర్ఛ ఉంది, పొయ్యిల దగ్గర పెట్టొద్దు నాయనా అని చెప్పి వచ్చాను. మా కోడలికి తలనొప్పి కూడా రాదు.

పొయ్యిల దగ్గర పెట్టరులే అనుకున్నాను. అసలు పేరే కొట్టేస్తారని నాకు తోచలేదు. జాబితాలో పేరు లేదని తెలిసిన రోజు మా కోడలు గడప మీద కూర్చుని, "నాకేం తక్కవత్తా? నాకంటే ఎనకొచ్చినోళ్ళను తీసుకున్నారే," అని అడిగింది. నేను చేట తీసుకుని బియ్యంలో లేని రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను.

ఎవరికి చెప్పుకోను? నాకు ఆ డబ్బా గుర్తొచ్చింది. దేవుడి ముందర చెప్పుకున్నట్టు అందులో వేసేద్దామనుకున్నాను. మూర్ఛ అనే మాట నాకు రాయడం రాదు. పాపను అడిగి పలక మీద రాయించుకున్నాను. ఎవరికి వచ్చిందవ్వా అని అది అడిగింది. ఎవరికీ రాలేదు, ఊరికే నేర్చుకుంటున్నా అన్నాను. నాలుగు వరుసలు రాశాను. మడిచి సందులో వేశాను. ఆ రోజు నాకు అన్నం సయించింది.

పది రోజులైందో లేదో, మా కోడలు పని నుంచి వచ్చి, సంచీ కొయ్యకు తగిలించి, నా ఎదురుగా నిలబడింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"నాకు మూర్ఛ ఎప్పుడొచ్చిందో సెప్పత్తా. నాగ్గూడా తెలవాల గదా."

మేస్త్రీని నిలదీసి అడిగితే, మీ అత్తే వచ్చి చెప్పిందని అతను బయటపెట్టాడు. డాక్టరు దగ్గర చూపించుకుని కాగితం తెచ్చి ఇచ్చి, మా కోడలు పనిలో చేరింది. ఇప్పుడు అక్కడ ముప్పై మందికి పని చెప్పే మనిషి అయింది, ఆమె చెయ్యి ఆమెకు బాగానే ఉంది. కానీ ఆ తరువాత ఒక ఏడాది పాటు నాతో నేరుగా మాట్లాడలేదు. నేను ఎదురుగా ఉన్నా, "మీ అవ్వను అన్నం తినమను పాపా," అనేది.

ఇన్నాళ్ళూ అడగని మనిషి ఇప్పుడే మేస్త్రీని ఎందుకు అడిగింది? ఎవరో పురెక్కించారు. మూర్ఛ అనే మాట నేను అడిగింది ఒక్క పాపనే. అది తెలివైన పిల్ల, సంగతి పట్టేసి ఉంటుంది, వాళ్ళమ్మకు చెప్పి ఉంటుంది. నేను అట్లా లెక్క కట్టుకున్నాను. డబ్బాను నేను అనుమానించలేదు, హుండీని ఎవరైనా అనుమానిస్తారా?

పాపను పట్టుకుని అడిగాను. నేను చెప్పలేదవ్వా అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. రాసేది నేర్చుకుని నా గుట్టే ఎత్తుకుపోయిన దొంగవు నువ్వు అన్నాను. అది మూట కట్టుకున్న మామిడిపండు కాగితాలు తీసి నీళ్ళ పొయ్యిలో పెట్టాను. ఒక్కొక్కటి కాదు, మూట మూటే పెట్టాను. అది ఏడవలేదు. నిలబడి చూసింది. బొమ్మ వైపు రంగు ముందు ఉబ్బి, తరువాత నల్లబడింది.

ఆ తరువాత అది రాయడం మానేసింది. పాఠాలు రాసేది, పరీక్షలు రాసేది, ఫస్టు వచ్చేది. తన మాట మాత్రం ఒక్కటి రాయలేదు. ఇప్పుడు చిత్తూరు నుంచి కార్డు రాస్తే కూడా, నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను అని రెండు వరుసలు. పొద్దున ఏం వాసన వచ్చిందో రాసిన పిల్ల.

కాగితాలు కాల్చిన నెలకు అయ్యవారు మా ఇంటికి వచ్చారు. పాప ఎందుకు రాయడం లేదని అడిగారు. నేను జరిగిందంతా చెప్పాను, నా తప్పు కూడా దాచలేదు. అది సాడీలు చెప్పింది అయ్యోరూ, రాసేది మాన్పించినా అన్నాను. ఆయన చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. పొయ్యి వైపు చూశారు. చాలాసేపు చూశారు. "పిల్లోళ్ళను అట్ల అనకూడదవ్వా," అని మాత్రం అన్నారు. మజ్జిగ తాగకుండానే గ్లాసు కింద పెట్టి లేచారు. ఎంత జాలి గుండో అనుకున్నాను నేను.

ఆ తరువాత కూడా ఆయన మాకు చేసిన మేలు తక్కువ కాదు. ఐదో తరగతి అయ్యాక పాపను బంగారుపాళ్యం హైస్కూల్లో ఆయనే చేర్పించారు. రిటైరై చంద్రగిరి పోయేటప్పుడు కూడా ఇంటికి వచ్చి, భయాలు రాస్తున్నావా అవ్వా అని అడిగారు. లేదయ్యా, ఇప్పుడు లోపలే పెట్టుకుంటున్నా అన్నాను. ఆయన నవ్వలేదు.

పదకొండో రోజు కర్మకు నేనూ కోడలూ చంద్రగిరి పోయాం. ఆయన దగ్గర చదివిన పిల్లలు చాలామంది వచ్చారు. మీసాలు వచ్చినవాళ్ళు, బిడ్డలను చంకనెత్తుకున్నవాళ్ళు. భోజనాలయ్యాక అయ్యవారి భార్య లోపలి నుంచి డబ్బాలు తెప్పించింది. ఏడాదికి ఒకటి. మీవి మీరు తీసుకోండి, ఆయన ఇమ్మన్నారు అంది. అందరూ సంబరపడ్డారు. మా ఏడాది డబ్బా ఎవరూ ముట్టకముందే నేను పోయి ఒడిలోకి లాక్కున్నాను. కోడలికి తెలిసింది వేరు, ఊరంతా నవ్వుకోవడం వేరు.

మూత బిగించినట్టే ఉంది. సందు సందులాగే ఉంది. కింద చెయ్యి పెడితే మెత్తగా తగిలింది. తిప్పి చూశాను. అడుగున రేకు లేదు. గుండ్రంగా కోసేసి, మామిడిపండు కాగితం ఒకటి మైదాతో అంటించారు. అది చాలాసార్లు ఊడదీసి చాలాసార్లు అంటించిన కాగితం, పొరలు పొరలుగా ఉంది. పీకితే లోపల కాగితాలు పడినవి పడినట్టు లేవు. ఎవరివి వాళ్ళకు విడదీసి, దారంతో కట్టి, వరుసగా పెట్టి ఉన్నాయి. ప్రతి కాగితం అంచున పెన్సిలుతో ఒక్కో మాట. నాకు తెలిసిన చేతిరాత.

మూత తెరవనన్నారు. తెరవలేదు. ఇంత పెద్ద మనిషి పిల్లల్లాంటి తొండి చేశారు.

నా కాగితం దొరికింది. నా నాలుగు వరుసల కింద ఆయన రాసింది ఇది: "భయం అవ్వది. శిక్ష కోడలికి. ఊరకుంటే ఎట్లా?"

అయ్యవారి భార్య నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమెకు అన్నీ తెలుసు. ప్రతి శనివారం సాయంత్రం ఆయన ఈ కాగితాలు ముందర పోసుకుని కూర్చునేవారట. నవ్వేవారట, కళ్ళు తుడుచుకునేవారట, ఏ పిల్లకు పొద్దున తిండి ఉండదో ఇందులోనే తెలుసుకుని సోమవారం ఏదో ఒక నెపంతో పిలిచి పెట్టేవారట. నా కాగితం చదివాక నాలుగు రోజులు ఆలోచించి, దారిలో మా కోడలిని నిలిపి, నీ పేరు ఎందుకు లేదో మేస్త్రీనే అడగమ్మా అని చెప్పారట.

నేను అడిగాను. "మరి నా మనవరాలిని దొంగ అన్నానని నేను సెప్పినప్పుడు నా ఎదురుగానే ఉండినాడే తల్లీ. ఒక్క మాట సెప్పుంటే పొయ్యేది గదా."

ఆమె నా మొహం చూడలేదు. "నేనూ అదే అడిగినానమ్మా. నేను తెరిసినానని సెప్తే రేపట్నుంచి ఒక్క పిల్లోడూ రాయడు, నలభై మంది చేతులు కట్టేసినట్టయితాది అన్నాడు. ఆ పొద్దు మాత్రం అన్నం తినలా."

నలభై మంది రాయడానికి ఒక్క పిల్ల మానేసినా పరవాలేదనుకున్నారు. ఆ ఒక్క పిల్ల మా పాప. ఆయన వల్ల నా కోడలికి బతుకు దొరికింది, అది నేను కాదనను. మా ఊళ్ళో కూలి పిల్లలు తమ మాట తాము రాసుకోవడం నేర్చారు, అదీ కాదనను. ఆయన పటానికి రెండు చేతులా దండం పెట్టే వచ్చాను. కానీ మజ్జిగ గ్లాసు పట్టుకుని పొయ్యి వైపు చూసిన మనిషిని తలుచుకుంటే ఈ రోజుకూ తినే ముద్ద కంచంలో వదిలేస్తాను. దొంగ అన్నది నా నోరు, కాల్చింది నా చెయ్యి. ఆ లెక్కలో నేను తప్పించుకోను. కాకపోతే నాకు తెలియక చేశాను. ఆయనకు తెలుసు.

పాప కట్ట కూడా ఆ డబ్బాలోనే ఉంది. నేను పొయ్యిలో పెట్టినవి పోగా మిగిలినవి అవే. ఒక కాగితం మీద ఇట్లా ఉంది: "మా అవ్వ నిద్రలో కూడా నా జడ పట్టుకుంటుంది, నేను యాడికన్నా పోతానని. నేను యాడికీ పోను. కానీ జడ నొప్పి." పక్కన ఆయన పెన్సిలు: "నొప్పి అని అవ్వతో చెప్పాల." కట్ట చివర, అది రాసిన ఆఖరి కాగితం కింద, ఏమీ రాయని కాగితాలు ఇంకా ఉన్నాయి. పాప మానేశాక కూడా ఆయన వారానికొకటి దాని పేరున కట్టలో చేర్చుతూ వచ్చారట, అది ఆ బడి విడిచి పోయేదాకా. వాటి అంచున ఏమీ రాయలేదు.

తరువాతి శనివారం పాప వచ్చింది. ఇప్పుడు దానికి పదిహేడేళ్ళు, నాకంటే జానెడు పొడుగు. కట్ట దాని ముందర పెట్టి, అంతా చెప్పాను. నా తప్పు, ఆయన తప్పు, ఏదీ కలపకుండా విడివిడిగా చెప్పాను. నన్ను నాలుగు మాటలు అంటుందని కాచుకున్నాను. అది కాగితాల అంచులు చూస్తూ, "నావి గూడా సదివినాడా అవ్వా? అన్నీనా?" అంది. ఆ గొంతు విన్నాక, దెబ్బ నా ఒక్కదానికే తగల్లేదని తెలిసింది.

"అన్నీ సదివినాడు," అన్నాను.

"నువ్వు?"

"ఒకటే. జడది."

అది ఆ కాగితం వెతికి తీసి చదువుకుంది. తరువాత, "ఇప్పుడు నొప్పి లేదులే," అంది. అది ఓదార్పో ఎత్తిపొడుపో నాకు అర్థం కాలేదు. మా కోడలు ఇది దిద్దుతూ ఇక్కడ ఆగింది. తనకూ తెలియదంది.

మరుసటి మధ్యాహ్నం బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా పోయాను. చేయి పట్టుకుని దాటించబోతే అదే నా చేయి పట్టుకుని దాటించింది. కిటికీ పక్కన సీటు దొరికింది. చెయ్యి బయట పెట్టొద్దు అని నేను కింద నుంచి చెబుతూనే ఉన్నాను. అది వినిపించుకోకుండా సంచీలో వెతికి ఒక కాగితం తీసి ఒళ్ళో పుస్తకానికి ఆనించుకుంది. రాయనివాటిలోది ఒకటి. ఎప్పుడు తీసుకుందో నాకు తెలియదు. తల వంచుకుంది. బస్సు కదిలింది. నా వైపు మామిడిపండు బొమ్మే ఉంది, పచ్చగా, రంగు కొంచెం చెదిరి. అవతలి పక్క నాకు కనబడలేదు. వెనక నుంచి లారీ ఒకటి హారను కొడుతూ బస్సును దాటుకుపోయింది.